బండసందులో మోకాలు

(యువజన వేదిక కోసం సిద్ధం చేసిన ప్రసంగ పాఠం)

నిర్వాహకులు నాకు ఇరవై నిముషాలు ఇచ్చారు. నా తర్వాత ఇదే గదిలో ఇమ్మిగ్రేషన్ లాయరు గారి ప్రసంగం ఉంది. ముందు వరస సీట్ల కోసం ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్ళు సగం మంది ఉంటారని నాకు తెలుసు. ఫరవాలేదు. వీసా మాట నా ప్రసంగంలో కూడా ఒకచోట వస్తుంది, కాస్త ఓపిక పట్టండి.

నేను చదివింది మెకానికల్ ఇంజనీరింగు, చేసేది సాఫ్ట్‌వేరు. మనలో చాలామంది కథ ఇదే కాబట్టి దాని గురించి ఎక్కువ చెప్పను. కొలరాడోలో ఉంటాను. ఏడేళ్ళుగా మా కౌంటీలో కొండల మీద చిక్కుకున్నవాళ్ళను దించే దళంలో వాలంటీరుగా పనిచేస్తున్నాను. అర్ధరాత్రి ఫోను మోగితే మా ఆవిడ కళ్ళు తెరవకుండానే "పడింది సర్వరా, మనిషా?" అని అడుగుతుంది. సర్వరైతే పక్కగదిలోకి వెళ్తాను. మనిషైతే బూట్లు వేసుకుంటాను.

బండలెక్కేవాళ్ళనగానే మీకు సినిమాల్లోలాగా చేతివేళ్ళతో అంచు పట్టుకుని వేలాడేవాళ్ళు గుర్తొస్తారు. నిజానికి బండ నున్నగా ఉంటే పట్టుకోవడానికి ఏమీ ఉండదు. ఎక్కేవాడికి దారి చూపించేది పగులు. వేలు పట్టే పగుళ్ళు, అరచెయ్యి పట్టేవి, పిడికిలి పట్టేవి అని రకాలున్నాయి. చెయ్యి లోపల పెట్టి బొటనవేలిని మడిస్తే చెయ్యి ఉబ్బి బిగుసుకుంటుంది, దాని మీద బరువు వేసి పైకి లేస్తారు. అంటే మన శరీరమే మేకు అన్నమాట. ఇది అమెరికా వాళ్ళ విద్య అనుకోకండి. మన భువనగిరి కోట బండ మీద ఇప్పుడు రాక్ క్లైంబింగ్ నేర్పుతున్నారు. 2014 మే 25న, పద్నాలుగేళ్ళు నిండకుండానే ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ మొదట శిక్షణ పొందింది ఆ బండ మీదే.

ఈ పగుళ్ళలో ఒక రకం ఉంది. పిడికిలికి ఎక్కువ, ఒంటికి తక్కువ. ఇంగ్లీషులో ఆఫ్‌విడ్త్ అంటారు. చెయ్యి పెడితే జారిపోతుంది, మనిషి దూరడానికి చాలదు. ఒక భుజం, ఒక మోచెయ్యి, ఒక మోకాలు లోపలికి దోపి, పురుగులా పాకుతూ ఎక్కాలి. కాలిఫోర్నియాలోని యోసెమిటీలోనూ వయోమింగులోని వేడావూలోనూ ఇవి ప్రసిద్ధం. మోకాళ్ళు ఇరుక్కునేది ఎక్కువగా ఇక్కడే.

ఎందుకు ఇరుక్కుంటాయి? వంటింట్లోకి వెళ్దాం. స్టీలు గ్లాసులో స్టీలు గ్లాసు పెట్టి, పైన ఇంకేదో బరువు పెట్టారనుకోండి. మర్నాడు రెండూ విడిరావు. పెట్టేటప్పుడు పట్టిన బలం కంటే తీసేటప్పుడు ఎక్కువ బలం కావాలి. పగులు కూడా చాలాచోట్ల కిందికి పోయేకొద్దీ సన్నబడుతుంది. ఎక్కేవాడు చాచిన మోకాలు లోపల పెట్టి, మడిచి బిగిస్తాడు. మడిచిన మోకాలు చాచినదాని కంటే వెడల్పు. కొంతసేపటికి అలిసిపోతాడు. ఒంటి బరువంతా మోకాలి మీద పడి, అది ఇంకో అంగుళం కిందికి దిగుతుంది. ఇక అక్కడినుంచి కథ మారుతుంది. లాగుతాడు. చర్మం గీసుకుపోతుంది, వాపు మొదలవుతుంది. పది నిముషాల క్రితం పట్టిన సందులో ఇప్పుడు పట్టనంత లావు అవుతుంది కాలు. భయం వేస్తుంది. భయం వేస్తే కండరాలు బిగుస్తాయి, బిగిస్తే ఇంకా లావు. ఛాతీ ఇరుక్కుంటే ఇంకా ఘోరం. ఊపిరి వదిలినప్పుడల్లా మనిషి కాస్త కిందికి జారతాడు, మళ్ళీ పీల్చుకోవడానికి చోటు ఉండదు.

విడిపించడం ఎలా అని అడిగితే అందరూ చెప్పే మొదటి జవాబు "లాగాలి" అనే. మెకానికల్ చదివినవాడిగా నాకూ కప్పీలంటే ఇష్టం. మా దగ్గర మూడింతలు బలం ఇచ్చే కప్పీల అమరిక ఎప్పుడూ సంచిలో ఉంటుంది. నలుగురు మనుషులు తలా 30 కిలోల బలంతో తాడు లాగితే, రాపిడి సంగతి పక్కన పెడితే, అవతలి కొసన 360 కిలోలు. దాంతో మోకాలు రాకపోవచ్చు గానీ, కీలు వచ్చేస్తుంది. అందుకని ఇరుక్కున్న కాలిని ఎప్పుడూ లాగం. పైనుంచి తాడుతో మనిషిని మోస్తాం, అంతే. నడుముకు కట్టిన పట్టీ నుంచి బరువు తీసేస్తే, కాలి మీద బరువు ఉండదు. ఆ తర్వాత ప్యాంటు గుడ్డ కత్తిరించేస్తాం. డెనిమ్ గుడ్డ మందం ఎంతని తీసిపారేయకండి, అక్కడ అదే ఎక్కువ. తర్వాత గిన్నెలు తోమే సబ్బు, లేకపోతే వంటనూనె. వేలికి బిగుసుకున్న ఉంగరాన్ని మన అమ్మలు తీసేది ఇలాగే కదా.

కానీ వీటన్నిటికంటే ముఖ్యమైంది గాజులమ్మే ఆవిడ దగ్గర నేర్చుకోవాలి. పెళ్ళిళ్ళకు గాజులు తొడిగేటప్పుడు చూసి ఉంటారు. చిన్న సైజు గాజు, పెద్ద చెయ్యి. ఆవిడ బలం ఉపయోగించదు. "చెయ్యి మెత్తగా వదిలెయ్ తల్లీ" అంటుంది. ఊరూ పేరూ అడుగుతుంది, పెళ్ళికొడుకు ఏంచేస్తాడని అడుగుతుంది. మాటల్లో పడి ఆ పిల్ల చెయ్యి వదిలేసిన క్షణంలో గాజు ఎక్కేస్తుంది. మా దళంలో కొత్తగా చేరినవాళ్ళకు ఈ సంగతి చెప్తుంటాను. అర్థమైందంటారు గానీ గాజులమ్మే ఆవిడని చూడనివాళ్ళకు ఎంత అర్థమవుతుంది!

అన్నీ ఇలా సుఖాంతం కావు. 2009 నవంబరు 24న యూటా రాష్ట్రంలో నట్టీ పట్టీ అనే గుహలో 26 ఏళ్ళ వైద్య విద్యార్థి ఒకడు తల కిందులుగా ఇరుక్కున్నాడు. అతను ఇరుక్కున్న సందు సుమారు 10 అంగుళాలు, 18 అంగుళాలు. వందమందికి పైగా పనిచేశారు. కప్పీలు బిగించి కొంత పైకి తీశారు కూడా. గోడలో బిగించిన కొక్కెం రాయితో సహా ఊడివచ్చి, అతను మళ్ళీ కిందికి జారాడు. 27 గంటల పైన బతికి, చనిపోయాడు. తల కిందులుగా ఉన్న మనిషికి గుండె నిరంతరం ఎదురీదాలి, ఊపిరితిత్తుల మీద పొట్టలోని అవయవాల బరువు పడుతుంది. అక్కడ సమయమే శత్రువు. శరీరాన్ని బయటికి తీయలేక గుహనే మూసేశారు. ఆ రోజు పనిచేసినవాళ్ళను తప్పుపట్టేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఆ సందు కొలతలు నేల మీద సుద్దముక్కతో గీసి, దానిలో పడుకుని చూడమంటాను నేను.

ఇంకో ప్రమాదం ఉంది, అది విడిపించిన తర్వాత వస్తుంది. రాయి కింద గంటల తరబడి నలిగిన కండరం చచ్చిపోతూ పొటాషియాన్నీ, మయోగ్లోబిన్ అనే పదార్థాన్నీ వదులుతుంది. రాయి ఉన్నంతసేపూ అవి అక్కడే ఉంటాయి. రాయి తీయగానే రక్తంలో కలిసి గుండెనూ, మూత్రపిండాలనూ దెబ్బతీస్తాయి. 1941లో, లండన్ మీద బాంబులు పడుతున్న రోజుల్లో, శిథిలాల కింది నుంచి బాగానే బయటపడ్డవాళ్ళు కొద్ది రోజుల్లో చనిపోవడం చూసి బైవాటర్స్ అనే వైద్యుడు దీన్ని వివరించాడు. అందుకే ఇప్పుడు రాయి కదిలించే ముందే సెలైన్ ఎక్కించడానికి ప్రయత్నిస్తారు. "ముందు బయటికి లాగండయ్యా, సూదులు తర్వాత" అని పక్కన ఉన్నవాళ్ళు కేకలేస్తుంటారు. వాళ్ళ బాధ నిజమే, కానీ ఆ మాట వినకూడదు.

ఆరన్ రాల్‌స్టన్ పేరు మీలో చాలామంది వినే ఉంటారు. ఆయన మీద 2010లో డానీ బాయిల్ సినిమా తీశాడు, సంగీతం మన రహమాన్. రాల్‌స్టన్ కూడా మెకానికల్ ఇంజనీరే, ఇంటెల్‌లో ఉద్యోగం మానేసి కొండలు పట్టినవాడు. 2003 ఏప్రిల్ 26న యూటాలో బ్లూజాన్ కాన్యన్ అనే ఇరుకు లోయలో దిగుతుంటే రాయి జారి కుడి చేతిని గోడకు నొక్కేసింది. దాదాపు 360 కిలోల రాయి. ఐదు రోజుల తర్వాత ముంజేతి ఎముకలు రెండూ తనే విరిచి, మొండి కత్తితో చెయ్యి కోసుకుని, ఒంటి చేత్తో తాడు మీద దిగి, నడిచి వచ్చాడు. అందరూ ఆ కత్తి గురించే మాట్లాడుతారు. నాకు మాత్రం ఆ కథలో ముఖ్యమైంది వేరే. తను ఎక్కడికి వెళ్తున్నాడో అతను ఎవరికీ చెప్పలేదు. ఆ ఐదు రోజుల్లో ఎక్కువ భాగం అతన్ని ఎక్కడ వెతకాలో ఎవరికీ తెలియదు. తర్వాత ఆ చెయ్యి కోసం రాయి జరపడానికి 13 మంది మనుషులూ, వించీ, హైడ్రాలిక్ జాకీ కావలసివచ్చాయి. ఒక్క మనిషి ఐదు రోజులు కష్టపడ్డా కదలనిది, సరైన సామానుతో పదముగ్గురికి కదిలింది.

ఇక మన వైపు కథ. 2022 డిసెంబరులో కామారెడ్డి జిల్లాలో, రామారెడ్డి మండలానికి చెందిన ఒకాయన స్నేహితుడితో కలిసి అడవికి వెళ్ళాడు. పెద్ద పెద్ద గుండ్లు ఒకదానిమీద ఒకటి పేర్చినట్టుండే మన దక్కను గుట్టలు మీకు తెలుసు. ఆ గుండ్ల మధ్య సందులో సెల్‌ఫోను పడింది. తీయబోయి తనే తలకిందులుగా జారాడు. అది మంగళవారం, 13వ తేదీ. ముందు తోటివాళ్ళు ప్రయత్నించారు. అధికారులకు కబురు అందేసరికి బుధవారం అయింది. పోలీసులు, అటవీశాఖ, అగ్నిమాపక దళం అందరూ వచ్చారు. జేసీబీలు తెప్పించారు. రాళ్ళను కొంచెం కొంచెంగా తొలిచి పగలగొట్టారు. ఒక్క రాయి తప్పు వైపు దొర్లితే అంతే. గురువారం మధ్యాహ్నం, దాదాపు 42 గంటల తర్వాత, ప్రాణాలతో తీశారు. అమెరికాలో శిక్షణ పొందిన దళాలకు కూడా అది కష్టమైన పనే. జిల్లా యంత్రాంగం చేతికందిన సామానుతో చేసింది. ఆ వార్త వచ్చిన రోజు మా దళంలో అందరికీ ఫోటోలు పంపించాను. ఇది మా వైపు అని కాస్త గర్వంగానే.

సెల్‌ఫోను కోసం సందులో దూరడం మన వాళ్ళ అమాయకత్వం అనుకునేవారికి ఒక మాట. 2024 అక్టోబరులో ఆస్ట్రేలియాలో, సిడ్నీకి ఉత్తరాన హంటర్ వ్యాలీలో, 23 ఏళ్ళ అమ్మాయి అచ్చం ఇలాగే ఫోను కోసం వంగి రెండు బండల మధ్య తలకిందులుగా పడింది. బయటికి కనపడింది పాదాలు మాత్రమే. ఏడు గంటలు పట్టింది. 500 కిలోల రాయిని వించీతో జరిపి, మిగిలిన రాళ్ళు పడిపోకుండా చెక్కలతో ఆపి, వంకర సందులోంచి ఆమెను వెనక్కి తిప్పి తీయడానికే గంట పట్టింది. చిన్న చిన్న గీతలతో బయటపడింది. ఫోను మాత్రం దొరకలేదు. తేడా ఎక్కడుందో చూడండి. అక్కడ స్నేహితులు కొంతసేపు ప్రయత్నించి, కుదరదని తేలగానే అత్యవసర నంబరుకు ఫోను చేశారు. పిలుపు ఎంత త్వరగా వెళ్ళింది అన్నదే చాలాసార్లు మనిషి ఉండడమా పోవడమా తేలుస్తుంది.

ఇప్పుడు వీసా సంగతి.

రెండేళ్ళ క్రితం అక్టోబరు నెలలో ఒక శనివారం సాయంత్రం మాకు పిలుపు వచ్చింది. ఇసుకరాతి గోడ మీద నలభై అడుగుల ఎత్తున ఒక కుర్రవాడి మోకాలు ఇరుక్కుంది. కింద తాడు పట్టుకున్న స్నేహితుడు అమెరికన్, కంగారుగా ఉన్నాడు. ఎంతసేపయిందంటే మూడు గంటలన్నాడు. మూడు గంటలా, మరి ఇప్పుడు చేశావేం అని మా వాళ్ళు అడిగారు. "వాడు చెయ్యనివ్వలేదు" అన్నాడు. ఎండ దిగిపోయింది, కొండ మీద చలి మొదలైంది. నేను పక్కనుంచి తాడు మీద అతని దగ్గరికి చేరాను. మొహం చూడగానే అనుమానం వచ్చింది. "పేరేంటి తమ్ముడూ?" అన్నాను తెలుగులో.

ఆ కుర్రవాడు నన్ను చూసిన చూపు నేను మర్చిపోలేను. నలభై అడుగుల ఎత్తున, హెల్మెట్టు పెట్టుకున్నవాడు తెలుగు మాట్లాడతాడని ఎవరు అనుకుంటారు? పేరు చెప్పలేదు. మొదటి మాట, "బిల్లెంతవుద్దన్నా?"

ఏమీ అవదు అన్నాను. నమ్మలేదు. "హెలికాప్టర్ వస్తే యాభై వేల డాలర్లంటగా. పోలీసులు రాసుకుంటే ఎఫ్ వన్‌కి ఇబ్బందవుద్దంటగా. అమ్మకి చెప్పొద్దన్నా." అతని తొడ పట్టుకుని చూస్తే కర్రలా ఉంది. మూడు గంటలుగా అతను బిగబట్టింది మోకాలిని కాదు, ఈ లెక్కని. ఎమ్మెస్ రెండో ఏడు, ఊళ్ళో అప్పు, ఇంకో సెమిస్టరు ఫీజు. పైనుంచి మా వాళ్ళు అతని బరువు తాడు మీదికి తీసుకుంటున్నారు. నేను ప్యాంటు కోస్తూ మాట్లాడుతూనే ఉన్నాను. ఏ ఊరంటే తెనాలి దగ్గరన్నాడు. ఏ కాలేజీ, ఎవరు బాగా చెప్పేవాళ్ళు, హాస్టల్లో పప్పు ఎలా ఉండేది అని అడుగుతూ పోయాను. పప్పు దగ్గర నవ్వు వచ్చింది అతనికి. సబ్బు పోసి, మడమను కొంచెం బయటికి తిప్పి, పైకి అనమని రేడియోలో చెప్పాను. రెండు అంగుళాలు లేచాడు. మోకాలు ఎలా వచ్చిందో అతనికే తెలియలేదు. చర్మం ఊడింది, అంతకుమించి ఏమీ లేదు. కింద మా ఫారం నింపేటప్పుడు అతనే వంగి చూశాడు. పేరు, వయసు, గాయం, ఫోను నంబరు. వీసా అనే గడి అందులో లేదు.

ఈ బిల్లు భయం మన పిల్లల్లో ఎంత ఉందో ఆ రోజే నాకు తెలిసింది. అందుకే ఈ ప్రసంగం ఒప్పుకున్నాను. కొలరాడోలో కొండల రక్షక దళాలు దాదాపు అన్నీ వాలంటీర్లవే, రక్షించినందుకు డబ్బు తీసుకోవు. బౌల్డర్‌లోని రాకీ మౌంటెన్ రెస్క్యూ గ్రూపు 1947 నుంచీ అలాగే నడుస్తోంది. నేషనల్ పార్కుల్లో కూడా వెతికినందుకూ, దించినందుకూ మామూలుగా బిల్లు వేయరు. మినహాయింపులు లేవని కాదు. న్యూ హాంప్‌షైర్‌లో నిర్లక్ష్యం వల్ల జరిగిందని తేలితే ఖర్చు వసూలు చేయవచ్చు. అక్కడ దానికోసం ఒక చిన్న కార్డు కూడా అమ్ముతారు, ఏటా కొనుక్కోవచ్చు. ఆంబులెన్సు హెలికాప్టరు, ఆసుపత్రి ఖర్చులు వేరే సంగతి, అవి ఇన్సూరెన్సు లెక్కలోకి వస్తాయి. కానీ ఆలస్యమైన కొద్దీ హెలికాప్టరు అవసరం పెరుగుతుందే తప్ప తగ్గదు. పిలిచినందుకు వీసా పోదు. ఈ మాట మీద ఇంకా అనుమానం ఉంటే, నా తర్వాత వచ్చే లాయరు గారిని మొదటి ప్రశ్నగా ఇదే అడగండి, నేనూ వెనక వరసలో కూర్చుని వింటాను.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. పిల్లలు కొండకు వెళ్తామంటే వద్దనకండి, వద్దంటే చెప్పకుండా వెళ్తారు. ఏ కొండ, ఏ దారి, ఎవరితో, ఎన్నింటికి తిరిగొస్తారు అన్న నాలుగూ మెసేజీలో పెట్టమనండి. ఇండియాలో ఉన్న అమ్మకు కాదు, ఆవిడ కంగారు పడటం తప్ప ఏంచేయగలదు, ఇక్కడున్న రూమ్మేటుకు. చెప్పిన టైముకు రాకపోతే 911కు చెయ్యాలని ఆ రూమ్మేటుకు కూడా తెలియాలి. ఐఫోను 14, ఆ తర్వాతివాటిలో సిగ్నలు లేని చోటనుంచి ఉపగ్రహం ద్వారా సహాయం అడిగే వీలు 2022 నవంబరు నుంచి అమెరికాలో ఉంది. అది ఎలా వాడాలో ఇంట్లో సోఫా మీద కూర్చుని నేర్చుకోండి. సందులో ఉన్నప్పుడు మాన్యువల్ చదవడం కుదరదు. ఫోను సందులో పడితే మాత్రం కొత్తది కొనుక్కోండి.

నాకిచ్చిన సమయం అయిపోవచ్చింది. భోజనాల హాలు బయట, చీరల స్టాలు పక్కన, చెక్కలతో చేసిన ఒక పగులు తెచ్చి నిలబెట్టాను. పిడికిలికి ఎక్కువ, ఒంటికి తక్కువ. కొలిచి చేసిందే. పిల్లలూ పెద్దలూ ఎవరైనా వచ్చి మోకాలు పెట్టి చూడవచ్చు, పట్టుచీరలు, పంచెలు కట్టుకున్నవారు దయచేసి దూరంగా ఉండి చూడండి. గిన్నెల సబ్బు రెండు సీసాలు తెచ్చాను.